గీజరు ఆగితేనే రంపం తిరిగే ఇల్లు: లోడు పెంచాలా, త్రీ ఫేజు పెట్టించాలా?

ఇంట్లో ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) రెండుసార్లు పడిందని నోరు జారితే చాలు, విజయనగరంలో ఎవరైనా ఇచ్చే సలహా ఒక్కటే: "త్రీ ఫేజు పెట్టించేయండి, గొడవ వదిలిపోతాది." అంటే స్తంభం నుంచి కరెంటు తెచ్చే ఫేజు తీగ ఒకటి కాకుండా మూడు తెప్పించుకోవడం. నాకూ అదే చెప్పారు. నేను పెట్టించలేదు. మా బావ నరసన్నపేటలో పెట్టించాడు. ఎవరి అవసరానికి వాళ్లం సరిగ్గానే చేశామని ఇప్పుడు నా నమ్మకం. మీ ఇల్లు మా ఇంటిలాంటిదో, బావ ఇంటిలాంటిదో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

మాది గాజులరేగ వైపు పాత ఇల్లు. వెనక రేకుల షెడ్డు ఉంది. ఆఫీసు లేని రోజుల్లో నాకు చెక్కపని పిచ్చి. పనసకర్రతో బొబ్బిలిలో వీణలు చేస్తారు. నేను అంత మొనగాణ్ని కాదు గానీ అదే పనసకర్ర ముక్కలతో పీటలు, చిన్న బల్లలు చేసుకుంటాను. షెడ్డులో చేతి రందా మిషన్, గ్రైండర్, డ్రిల్, 2 హెచ్‌పీ మోటారుతో తిరిగే బల్లరంపం. ఇంట్లో ఇన్‌స్టంట్ గీజరు, ఇండక్షన్ స్టవ్, ఏసీ, 1 హెచ్‌పీ బోరు మోటారు. వీటన్నిటికీ కలిపి బిల్లు మీద కాంట్రాక్ట్ లోడు, అంటే ఇంత వాడతామని కరెంటాఫీసులో రాయించుకున్న లెక్క, 2 కిలోవాట్లు!

ఆదివారం పొద్దున్న జరిగేది ఇది. నేను రంపం ఆన్ చేస్తాను. లోపల గీజరు నడుస్తూ ఉంటుంది. ఎవరో మోటారు వేస్తారు. ఠప్. వెంటనే మా అమ్మ గొంతు: "ఒరేయ్, కోడలి తలకి షాంపూ ఉందిరా, ముందు ఆ మెయిన్ ఎత్తు!"

లెక్క చూస్తే మెయిన్ తప్పేమీ లేదు. 230 వోల్టుల మీద 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు 13 ఆంపియర్లు లాగుతుంది. 2 కిలోవాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు 9. రంపం తిరుగుతూ ఉంటే 11 దాకా. బోరు మోటారు 5, 6. ఏసీ జోలికి వెళ్లకుండానే 38 దాటింది. మా మెయిన్ 32 ఆంపియర్లది.

ఇరుకు ఎక్కడుందో ముందు చూసుకోండి

ఏ దారి ఎంచుకోవాలో తేల్చే ముందు మూడు చోట్ల చూడాలి. ఒకటి కాగితం, అంటే బిల్లు మీది కాంట్రాక్ట్ లోడు. రెండోది మీటరు, దాని దాకా వచ్చే సర్వీసు వైరు. మూడోది ఇంటి లోపలి వైరింగు. చాలామంది కాగితం మార్చి వైరింగు అలాగే వదిలేస్తారు, లేదా ఎంసీబీ పెద్దది వేయించి హమ్మయ్య అనుకుంటారు. రెండోది అన్నిటికంటే ప్రమాదం. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరు ఉన్న లైనుకి 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే, ఎంసీబీ నిలబడుతుంది, గోడలోపల వైరు కాలుతుంది.

మీటరు మీద చిన్న అక్షరాల్లో 5-30 ఎ అనో, 10-60 ఎ అనో రాసి ఉంటుంది. రెండో అంకె ఆ మీటరు తట్టుకునే గరిష్ఠం. 5-30 మీటరైతే సుమారు 6.9 కిలోవాట్లతో దాని కథ ముగిసింది.

ఇంట్లో నిజంగా ఎంత లాగుతోందో తెలుసుకోవడానికి పరికరం కొననక్కర్లేదు. మీటరు మీద ఎర్రగా కొట్టుకునే చిన్న లైటు పక్కన 3200 ఇంపల్స్ అనో 1600 అనో ఉంటుంది. అంటే ఒక యూనిట్‌కి ఆ లైటు అన్నిసార్లు వెలుగుతుందన్నమాట. ఒక నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి, 60,000తో హెచ్చించి, ఆ 3200తో భాగిస్తే వాట్లు వస్తాయి. నిమిషానికి 64 సార్లు వెలిగితే 1200 వాట్లు. నేను ఒక్కొక్కటే ఆన్ చేస్తూ ఫోన్లో వీడియో తీసి, నెమ్మదిగా నడిపి లెక్కపెట్టాను. అన్నీ ఆపేశాక కూడా లైటు కొట్టుకుంటూనే ఉంది. వెతికితే అటక మీద ఎప్పుడో మర్చిపోయిన పాత స్టెబిలైజరు దొరికింది.

డిజిటల్ మీటర్లలో బటన్ నొక్కుతూ పోతే ఎండీ అని ఒక అంకె వస్తుంది, ఆ నెలలో ఇంటి గరిష్ఠ వాడకం కిలోవాట్లలో. మాది 4.1 ఉంది, కాగితం మీద 2. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎండీ అంటే కొన్ని నిమిషాల సగటు. రంపం స్టార్టయ్యేటప్పుడు ఒక్క క్షణం లాగే 50 ఆంపియర్లు అందులో కనిపించవు. ఎంసీబీకి, వైరు జాయింట్లకి మాత్రం ఆ దెబ్బ తగులుతూనే ఉంటుంది. కాబట్టి ఎండీ చూసి కాగితం సరిచేసుకోండి, వైరింగు మాత్రం స్టార్టింగు చూసి వేయించుకోండి.

మా ఎలక్ట్రీషియన్ వచ్చి ముందు మిషన్లేవీ చూడలేదు. మెయిన్ ఆపి, బోర్డు మూత తీసి, టార్చి వేసి ముక్కుతో వాసన చూశాడు. "బాబూ, ఇటు రండి, ఇదేటో చూడండి" అన్నాడు. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) బిగించిన ఇత్తడి ముక్క నల్లబడింది. దాని పక్కన వైరు తొడుగు ఉడికిన చింతపండులా మెత్తబడి, స్క్రూ అర చుట్టు వదులుగా ఉంది. లోడు పెరిగినప్పుడల్లా ఆ వదులు దగ్గర వేడి, ఆ వేడికి మరింత వదులు. మేము ఇన్నాళ్లు "వోల్టేజీ లేదు" అని వీధి ట్రాన్స్‌ఫార్మర్‌ని తిట్టుకున్న దాంట్లో కొంత పాపం మా బోర్డుదే. జాయింటు కోసి, వైరు చివర కొత్త లగ్గు (లోహపు తొడుగు) వేసి బిగించాక లైట్లు మిణుకుమిణుకుమనడం సగానికి తగ్గింది. ఖర్చు టీ, టిఫిన్‌తో కలిపి చెప్పుకోదగ్గది కాదు. మీటరు లోపలి భాగం, సీలు ఉన్న చోటు మాత్రం మన పని కాదు, మన ఎలక్ట్రీషియన్ పనీ కాదు. అక్కడ తేడా ఉంటే 1912కి ఫోన్ చేసి లైన్‌మ్యాన్‌ని పిలవడమే.

ఖర్చు లేని దారి: వంతులు

రెండు పెద్ద మిషన్లు ఒకేసారి నడవకపోతే చాలా ఇళ్లలో సమస్యే లేదు. "గీజరు వేసినప్పుడు రంపం వేయొద్దు" అని నోటితో అనుకుంటే మూడు రోజులు నడుస్తుంది. నాలుగో రోజు చుట్టాలొస్తారు.

అందుకని నేను చేంజోవర్ స్విచ్ పెట్టించాను. జనరేటరు ఉన్న ఇళ్లలో కరెంటుకి, జనరేటరుకి మధ్య మార్చే హ్యాండిల్ స్విచ్ ఉంటుంది కదా, అదే. దాన్ని తిరగేసి వాడాం. ఒకే లైను లోపలికి వస్తుంది, హ్యాండిల్ పైకి ఉంటే గీజరుకి, కిందికి ఉంటే రంపానికి. రెండూ కలిసి నడిచే అవకాశమే లేదు. ఫేజు, న్యూట్రల్ రెండూ మారే రకం తీసుకోవాలి.

ఇందులో రెండు జాగ్రత్తలు. షెడ్డు లైటు ఈ స్విచ్ మీద ఉండకూడదు. బ్లేడు ఇంకా తిరుగుతుండగా ఎవరో గీజరు కోసం హ్యాండిల్ ఎత్తితే మీరు చీకట్లో రంపం పక్కన నిలబడి ఉంటారు. రెండోది, రంపానికి మామూలు స్విచ్ కాకుండా ఆకుపచ్చ, ఎర్ర బటన్ల స్టార్టర్ ఉండాలి. కరెంటు పోతే అందులో కాయిల్ వదిలేస్తుంది, తిరిగి వచ్చినా మీరు నొక్కితేనే తిరుగుతుంది. మామూలు స్విచ్ అయితే కరెంటు రాగానే రంపం దానంతటదే లేస్తుంది. మన జిల్లాల్లో కరెంటు ఎన్నిసార్లు వచ్చిపోతుందో తెలిసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

మిషన్ మార్చుకోవడం

లోడు పెంచడానికి పెట్టే డబ్బు కొన్నిసార్లు మిషన్ మీద పెడితే మేలు. గీజరే చూడండి. ఇన్‌స్టంట్ గీజరు 3 కిలోవాట్లు, నీళ్లు వదిలినంతసేపూ లాగుతుంది. 15 లీటర్ల స్టోరేజి గీజరు 2 కిలోవాట్లది. 25 డిగ్రీల నీళ్లను 60కి తేవడానికి 0.6 యూనిట్, అంటే ఇరవై నిమిషాల లోపు. తర్వాత ఆపేసినా నీళ్లు వేడిగానే ఉంటాయి. కరెంటు పెద్దగా ఆదా అవుతుందని కాదు, ఆ ఇరవై నిమిషాలు ఎప్పుడన్నది మన చేతిలో ఉంటుంది. పొద్దున్నే ఐదున్నరకి వేసి ఆపేస్తే ఏడింటికి షెడ్డు నాది. గ్యాస్ గీజరు పెడితే కరెంటు లోడు పోతుంది కదా అంటారు. గాలి ఆడని బాత్రూములో కార్బన్ మోనాక్సైడుతో మనుషులు పోయారు, నేనైతే ఆ మాటే ఎత్తను. ఎవరైనా పెట్టుకుంటే మిషన్ బాత్రూము బయట ఉండాలి.

షెడ్డు వైపు బ్యాటరీ పనిముట్లు లెక్కనే మార్చేశాయి. 18 వోల్టుల డ్రిల్, గ్రైండర్ ఛార్జర్లు మామూలుగా ఒకటి రెండు వందల వాట్లు లాగుతాయి, అదీ తీరిగ్గా. చిన్న పనులన్నీ వాటికి వదిలేస్తే లైను మీద మిగిలేది రంపం ఒక్కటే. ఖరీదు ఎక్కువే. బ్యాటరీ పాడైతే ఇంకో ఖర్చు. అయినా చేతి పనిముట్లే వాడేవాళ్లకి లోడు పెంచుకోవడం కంటే ఇదే నా ఓటు.

వెల్డింగు చేసుకునేవాళ్లకైతే తేడా ఇంకా పెద్దది. పాత ట్రాన్స్‌ఫార్మర్ వెల్డింగ్ మిషన్, మోయడానికి ఇద్దరు కావాల్సినది, రాడ్డు అంటగానే వీధి లైట్లు కూడా వంగేలా లాగుతుంది. ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ 2.5 మిల్లీమీటర్ల రాడ్డుని 80 ఆంపియర్ల దగ్గర నడిపితే ఇంటి లైను నుంచి సుమారు 13, 14 ఆంపియర్లు తీసుకుంటుంది. గేటు బందు ఊడితే అతికించుకోవడానికి మంచి 16 ఆంపియర్ల సాకెట్ చాలు. అదే 3.15 రాడ్డుతో 120 మీద నడిపితే 20 దాటుతుంది, దానికి ప్రత్యేకం లైను వేసుకోవాల్సిందే. మిషన్ మీద పెద్దగా రాసి ఉండే "200 ఆంప్స్" చూసి భయపడకండి, అది రాడ్డు దగ్గర కరెంటు, గోడ దగ్గరది కాదు.

ఒక మాట స్టెబిలైజరు గురించి. "వోల్టేజీ తక్కువుంది, పెద్ద స్టెబిలైజరు పెట్టేద్దాం" అనేవాళ్లు వీధికి ఇద్దరుంటారు. స్టెబిలైజరు కరెంటు తయారు చేయదు. అటు 180 వస్తుంటే ఇటు 230 చేయడానికి లైను నుంచి ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఏసీ, ఫ్రిజ్ కాపాడుకోవడానికి బాగానే ఉంటుంది, చాలని లైనుకి మాత్రం అది ఇంకో బరువు.

సింగిల్ ఫేజులోనే లోడు పెంచడం, షెడ్డుకి వేరే లైను

నేను చివరికి ఎంచుకున్నది ఇదే. అదనపు లోడుకి దరఖాస్తు పెట్టి, కిలోవాట్ల లెక్కన డెవలప్‌మెంట్ ఛార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టి 5 కిలోవాట్లు చేయించుకున్నాను. "ఎందుకండీ, ఎవరు చూస్తారు" అన్నారు కొందరు. చూస్తారా లేదా అన్నది పక్కన పెట్టండి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఎంతది కావాలో లెక్క వేసేది కాగితాల మీది లోడు చూసే. ఇంటింటికీ 1 అని రాయించుకుని 4 వాడితే సాయంత్రం అందరి ఫ్యాన్లూ నీరసంగా తిరుగుతాయి.

లోపల చేయించిన పనే అసలు మార్పు తెచ్చింది. అప్పటిదాకా షెడ్డుకి కరెంటు 25 మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుతో వెళ్లేది, 1 స్క్వేర్ వైరు. పోను రాను 50 మీటర్ల రాగి అంటే దాదాపు 1 ఓమ్. రంపం 11 ఆంపియర్లు లాగితే దారిలోనే 11 వోల్టులు పోతాయి, సరే అనుకోవచ్చు. స్టార్టింగులో 50 లాగబోతే 50 వోల్టులు దారిలోనే హరీ. సాయంత్రం 200 ఉన్నప్పుడు రంపానికి అందేది 150. అందుకే అది 'ఊఁ' అని మూలిగి లేచేది కాదు, మోటారు వేడెక్కి వార్నిష్ వాసన కొట్టేది. పైగా ఆ 11 ఆంపియర్లకి వైరులో 120 వాట్ల వేడి పుడుతుంది. చుట్ట విప్పకుండా వాడితే ఆ వేడంతా చుట్టలోనే. మా పాత చుట్ట లోపలి వరసలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

ఇప్పుడు బోర్డు నుంచి షెడ్డుకి 4 స్క్వేర్ రాగి వైరు పైపులో వేసి, దానికి ప్రత్యేకం 20 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఒంట్లోకో నేలలోకో లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించాం. అదే దూరానికి నడిచేటప్పుడు పోయేది 3 వోల్టుల లోపు. మోటారు లైనుకి సీ కర్వు ఎంసీబీ అడగండి. బీ కర్వు అయితే రేటింగుకి 3 నుంచి 5 రెట్లు రాగానే పడిపోతుంది, సీ కర్వు 5 నుంచి 10 రెట్ల దాకా ఓర్చుకుంటుంది, స్టార్టింగు దెబ్బకి ఊరికే పడదు. షెడ్డులో నేల తడిగా ఉంటుంది, మన వానాకాలం సంగతి తెలిసిందే. ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగు మానేసి మిగతావన్నీ చేయించినా నేను ఆ షెడ్డులో అడుగుపెట్టను.

త్రీ ఫేజు ఎవరికి

త్రీ ఫేజు వస్తే ఒక్కో సాకెట్‌కీ మూడింతలు కరెంటు వస్తుందనుకుంటారు. రాదు. ఒక్కో ఫేజు మీద మళ్లీ అదే 230. గీజరు ఒక ఫేజు మీద, ఏసీ ఒకదాని మీద, షెడ్డు ఒకదాని మీద విడగొడితేనే లాభం. విడగొట్టడానికి లోపలి వైరింగు తిరగదోడాలి, పాత ఇంట్లో గోడలు చీల్చాలి. చీల్చకుండా సగం ఇల్లు ఒకే ఫేజు మీద వదిలేస్తే ఎప్పటిలాగే ఎంసీబీ పడుతుంది, పైగా త్రీ ఫేజు మీటరు ఉంటుంది.

మన వైపు చాలామంది త్రీ ఫేజు కోరుకునేది నిజానికి వేరే కారణానికి. ఒక ఫేజు పోతే ఇంకో ఫేజు మీదికి తిప్పుకోవచ్చని. లైట్లు, ఫ్యాన్ల వరకు బాగుంటుంది. మిషన్లు కూడా అదే ఫేజు మీదికి తోస్తే, వీధిలో పది ఇళ్లు అదే పని చేస్తే, ఆ ఒక్క ఫేజు కూడా కాసేపట్లో పోతుంది. ఇంకో భయం న్యూట్రల్. సింగిల్ ఫేజు ఇంటి సర్వీసు వైరులో న్యూట్రల్ తెగితే ఇంట్లో అన్నీ ఆగిపోతాయి. త్రీ ఫేజు ఇంట్లో తెగితే తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజీ 400 వైపు ఎగబాకుతుంది, టీవీలు, ఛార్జర్లు వరసగా పోతాయి. పెట్టించుకుంటే ఓవర్ వోల్టేజి కట్ఆఫ్ కూడా పెట్టించుకోవాలి.

మా బావ సంగతి వేరు. ఆయన గ్రిల్స్, గేట్లు చేస్తాడు. 14 అంగుళాల కటింగ్ మిషన్, రోజంతా వెల్డింగు, త్రీ ఫేజు మోటారున్న డ్రిల్లింగ్ మిషన్. మొదట్లో ఇంటి మీటరు మీదే చేసేవాడు. ఇంటి సర్వీసు మీద వ్యాపారం చేయడం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం అనుమతి లేని వాడకం, దొరికితే ఆ పనికి వర్తించే టారిఫ్‌కి రెట్టింపు లెక్కన వసూలు చేస్తారు. ఆ టెన్షన్ కంటే ముందు ఆయన్ని తరిమింది బిల్లు. ఇంటి స్లాబుల్లో యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది, వెల్డింగు యూనిట్లన్నీ పై స్లాబుల్లో పడేవి. షెడ్డుకి వేరే త్రీ ఫేజు సర్వీసు తీసుకున్నాక ఇంటి బిల్లు మామూలు ఇంటి బిల్లయింది. మా అక్క మాటల్లో చెప్పాలంటే, "మిక్సీ తిప్పాలంటే ఆయన పర్మిషన్ అడిగే బాధ తప్పింది."

పనిముట్టుతో నాలుగు డబ్బులు సంపాదించే వాళ్లెవరైనా, పిండి మర అయినా, గ్రిల్ షెడ్డయినా, బావ దారే పట్టాలి. ఇంటి లైను మీద సర్దుబాట్లు వాళ్లకి కావు.

త్రీ ఫేజు మోటారున్న పాత మిషన్ చవగ్గా దొరికి, ఇల్లు సింగిల్ ఫేజు అయితే మధ్యేమార్గం ఉంది. వీఎఫ్‌డీ అని చిన్న డబ్బా, సింగిల్ ఫేజు తీసుకుని మూడు ఫేజులు ఇస్తుంది. 2, 3 హెచ్‌పీ దాకా బాగా పనిచేస్తుంది, మోటారుని నెమ్మదిగా లేపుతుంది కాబట్టి స్టార్టింగు దెబ్బే ఉండదు. మోటారు నుంచి ఆరు తీగలు బయటికి ఉన్నాయో లేదో, 230 వోల్టులకి డెల్టా (మోటారు లోపలి మూడు చుట్టలను కలిపే ఒక పద్ధతి) కట్టుకోవచ్చని దాని ప్లేటు మీద రాసి ఉందో లేదో కొనే ముందే చూసుకోండి.

జనరేటరు, ఇన్వర్టరు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం పల్లెల్లో కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి. అలాంటి రోజులకి పెట్రోలు జనరేటరు ఉండటం మంచిదే. రోజూ రంపం నడపడానికి మాత్రం దండగ: మోత, పొగ, పెట్రోలు. పైగా 2 హెచ్‌పీ స్టార్టింగు ఓర్చుకోవాలంటే రంపం అంకె కంటే రెండు మూడింతల జనరేటరు కావాలి. దాన్ని రెండు పిన్నుల వైరుతో గోడ సాకెట్లో గుచ్చి ఇంటికి ఎక్కించే పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. ఆ కరెంటు మీటరు దాటి బయటికి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి వేల వోల్టులై, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మ్యాన్‌కి తగులుతుంది. చేంజోవర్ స్విచ్ అసలు పుట్టింది ఇందుకే. ఇంటి బ్యాటరీ ఇన్వర్టరు 850 వీఏ అంటే ఏడు వందల వాట్ల లోపు మాట, షెడ్డు జోలికి దాన్ని తేవద్దు.

మా షెడ్డుకి ఈ ఏడాది ఇంకో రందా మిషన్, 3 హెచ్‌పీది, బేరంలో ఉంది. అది వచ్చిన రోజు నేనూ త్రీ ఫేజు దరఖాస్తు రాయాల్సి రావచ్చు, లేదా వీఎఫ్‌డీతో సరిపెట్టవచ్చు. ఇంకా తేల్చలేదు. ఈలోగా చేంజోవర్ హ్యాండిల్ మీద మా అమ్మ మార్కరుతో రాసేసింది. పైన "నీళ్లు", కింద "చెక్క". ఆదివారం ఏడింటి లోపు ఆ హ్యాండిల్ కిందికి దించితే ఎవరు దించారో విచారణ జరుగుతుంది.